వచ్చీ రాని తమిళం

మా అక్క కూతురు కొరియన్ నేర్చుకుంటోంది. తొమ్మిదో తరగతి. ఫోన్లో ఒక యాప్, ఒక రూళ్ల నోటుబుక్కు, బీరువా తలుపుకు అంటించిన అక్షరాల పట్టిక. ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. "తిరుపతిలో కొరియన్‌తో ఏం పని పడిందే నీకు?" అని మా అమ్మ. "ఆ సీరియళ్ల కోసం, ఇంకేముంది" అని మా బావ. సీరియళ్ల కోసమే కానీండి, తప్పేముంది? పదిహేనో శతాబ్దంలో సెజోంగ్ అనే రాజు మామూలు జనం కూడా సులువుగా చదువుకోవాలని చేయించిన లిపి అది. మూల అక్షరాలు ఇప్పుడు 24. అర్థం తెలియకపోయినా బిస్కెట్ ప్యాకెట్ల మీది కొరియన్ రాతలు చదివి వినిపిస్తూ ఉంటుంది మాకు.

దాన్ని చూస్తే నాకు కొంచెం కుళ్లు. దానికి కొరియన్ రాదని అందరికీ తెలుసు, దానికీ తెలుసు. సున్నా దగ్గర మొదలుపెట్టిన మనిషిని ఎవరూ వేలెత్తి చూపరు. రెండు ముక్కలు పలికినా మెచ్చుకుంటారు. నాకు ఆ సుఖం దక్కలేదు. ఆ వయసులో నేను నేర్చుకున్నది తమిళం. తిరుపతిలో ఉంటూ తమిళం నేర్చుకుంటానంటే నవ్వుతారు. అందరికీ వచ్చిందే కదా, నేర్చుకునేదేముంది అని.

వచ్చన్నమాట నిజమే. మా నాన్నకు గోవిందరాజస్వామి గుడి పక్క వీధిలో చిన్న అంగడి ఉండేది. స్వామి పటాలు, ఇత్తడి దీపాలు, చెక్క బొమ్మలు, పసుపు కుంకుమ డబ్బాలు. సెలవు రోజుల్లో, సాయంత్రాల్లో నేనూ గల్లా దగ్గర కూర్చునేదాన్ని. తమిళుల పెరటాసి నెల వచ్చిందంటే, ముఖ్యంగా శనివారాలు, వీధంతా తమిళమే. "వాంగమ్మా, ఉళ్ళ వాంగ", "ఎన్న వేణుం", "కట్టుపడి ఆగాదు" (గిట్టుబాటు కాదు), ఒకటి నుంచి వెయ్యి దాకా అంకెలు, రంగులు, పెద్దది, చిన్నది, ఇంకోటి చూపించమంటారా. ఇంతే సరుకు. ఈ సరుకుతో మా వీధిలో మనుషులు ముప్పై నలభై ఏళ్లు వ్యాపారం చేసి, పిల్లల పెళ్లిళ్లు చేసి, మేడలు కట్టారు. అడిగితే అందరూ "తమిళం బాగా వచ్చు" అనే చెప్తారు. కొనేవాళ్లతో బేరం సాగుతుంది కాబట్టి అనుమానం రాదు. అదే, ఎండకు సొమ్మసిల్లి మెట్టు మీద కూర్చున్న ముసలమ్మ వాళ్ల కొడుకు సంగతి చెప్పుకుంటూ పోతే "ఆమా, ఆమా" అని తల ఊపడం తప్ప ఏమీ చేతకాదు.

పూర్తిగా రాని భాషకన్నా సగం వచ్చిన భాషను నేర్చుకోవడమే కష్టమని నేను గట్టిగా నమ్ముతాను. రాని భాషకు పుస్తకం కొంటారు, ట్యూషన్‌కు పోతారు. మా ఇంట్లో హిందీకి ప్రచార సభ పరీక్షలు కట్టించారు, ఫీజు కట్టారు, సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించారు. స్కూల్లో కూడా ఆరో తరగతి నుంచి హిందీ ఉండేది. పాస్ మార్కులు మిగతా సబ్జెక్టులకన్నా తక్కువే కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండేది కాదు, ఎవరికీ హిందీ వచ్చేదీ కాదు. కానీ హిందీ "నేర్చుకోవలసిన" భాష అని మాత్రం అందరూ ఒప్పుకునేవాళ్లు. తమిళానికి ఆ గౌరవం లేదు. అది గాలిలో ఉంది, టీవీలో ఉంది, అంగట్లో ఉంది. దానికి మళ్లీ పుస్తకమా?

2007లో పదో తరగతి పరీక్షలయ్యాక నన్ను అవ్వ దగ్గరికి పంపించారు. స్నేహితులంతా స్పోకెన్ ఇంగ్లీషుకూ, ఇంటర్ ముందు కోచింగ్‌కూ చేరారు. మా అమ్మ పుట్టిల్లు తిరుత్తణి పక్క ఒక పల్లె. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి మీదుగా పోవాలి. తిరుత్తణి బస్టాండులో దిగితే టౌన్ బస్సులకు బోర్డులన్నీ తమిళంలోనే. ఏ బస్సు ఎటు పోతుందో తెలియదు. ఒకాయన్ని "ఇంద బస్ ఎంగ పోగుదు?" అని శుభ్రంగానే అడిగాను. ఆయన నన్నూ బోర్డునూ మార్చి మార్చి చూసి "బోర్డు పాక్కలైయా?" అన్నాడు, బోర్డు చూడలేదా అని. అంత చక్కగా మాట్లాడే పిల్లకు చదువు రాదని ఆయనకు తోచలేదు. పదో తరగతి రాసి వచ్చినదాన్ని, బస్టాండులో నిలబడి నిశానీ అయిపోయాను.

అవ్వ ఇంటి సంగతి తెలుగువాళ్లకే వింతగా ఉంటుంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను. తిరుత్తణి తాలూకా మొదట చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దుల మీద రెండు రాష్ట్రాలకూ పెద్ద గొడవ జరిగింది. తిరుపతి కూడా మాకే కావాలన్నారు అటువాళ్లు, మద్రాసు మాది అన్నారు ఇటువాళ్లు. చివరికి మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల ప్రకారం చట్టం చేసి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని మద్రాసు రాష్ట్రానికి ఇచ్చారు. అవ్వ ఆ ఏడాదే బళ్లో చేరింది. అక్షరాలు దిద్దింది తమిళంలో. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పెళ్లి చేసుకున్నది తెలుగాయన్ని, తిట్టేది తెలుగులో. చదవడం, రాయడం మాత్రం తమిళంలోనే. మా మామకు రెండు లిపులూ వచ్చు. మామ కూతురు తెలుగు మీడియంలో చదివింది. కొడుకు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కథ మారింది. 2006లో తమిళనాడులో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పైకి పోతూ 2016 నాటికి పదో తరగతి పరీక్షకు చేరాలని లెక్క. వీడు సరిగ్గా ఆ మొదటి బ్యాచ్. ఒకే ఇంట్లో, ఒకే మాట మాట్లాడే నలుగురు, ఒకళ్లు రాసింది అందరూ చదవలేరు. పండక్కి సామాన్ల చీటీ రాయాలన్నా ఎవరు అంగడికి పోతారో తేల్చుకుని రాయాలి.

ఆ పిల్లోడే నాకు గురువు. ఆరేళ్లు. ఒకటో తరగతి అప్పుడే అయిపోయింది, పుస్తకం ఇంకా చినగలేదు. అ అంటే అణిల్, ఆ అంటే ఆడు, ఇ అంటే ఇలై. నేను దిద్దుతుంటే వాడు పక్కన కూర్చుని మామిడికాయ ముక్క కొరుకుతూ "అక్కా, సుళి (చుట్టు) తప్పు" అనేవాడు. వాళ్ల టీచర్ గొంతుతో అనేవాడు. పదిహేనేళ్ల వయసులో ఆరేళ్లవాడి చేత తప్పు అనిపించుకోవడం ఎంత మంట పుట్టిస్తుందో చెప్పలేను.

చిన్నపిల్లలకు భాషలు తొందరగా వస్తాయి, పెద్దయ్యే కొద్దీ బుర్ర మొద్దుబారుతుంది అంటారు. నాకు ఆ మాట మీద అంత నమ్మకం లేదు. పదిహేనేళ్లకు జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు, ఆ ఏడాది సోషల్ పుస్తకం మొత్తం బట్టీ పట్టినదాన్నే. లోటంతా ఇంకో చోట ఉంది. పెద్దదాన్నయ్యాను అనిపించుకోవాలని తెగ ఉబలాటపడే వయసు అది. భాష మాత్రం మళ్లీ నత్తి మాటలు మాట్లాడు, అందరి ముందూ తడబడు అంటుంది. రెండూ ఒకేసారి కుదరవు. చాలామంది అక్కడే "నాకు వచ్చిందే చాల్లే" అని లేచిపోతారు. నాకు లేచిపోయే దారి లేదు. పల్లెలో కరెంటు పోతే టీవీ కూడా ఉండేది కాదు.

లిపి నిజానికి కష్టం కాదు. అచ్చులు 12, హల్లులు 18, గుణింతాలు 216, ఆయ్దం అనే ప్రత్యేక అక్షరం ఒకటి, మొత్తం 247 అని బళ్లో చెప్తారు. భయపడకండి, గుణింతాలన్నిటినీ విడివిడిగా లెక్కపెట్టడం వల్ల వచ్చిన అంకె అది. తెలుగు చదివినవాళ్లకు పెద్ద ఊరట ఏమిటంటే వత్తులు లేవు. అక్షరం నెత్తిన చుక్క పెడితే పొల్లు అయిపోతుంది, పక్కన ఇంకో అక్షరం రాసుకోవడమే. చిక్కల్లా ఎత్వం దగ్గర. మనకు అక్షరం నెత్తిన ఉండే గుర్తు వాళ్లకు అక్షరం ముందే వస్తుంది. రాసేటప్పుడు ముందు, పలికేటప్పుడు వెనక. ఒత్వానికైతే అక్షరానికి అటొకటి ఇటొకటి. కన్ను ముందుకు పోయి వెనక్కి రావాలి. మొదట్లో ప్రతి మాటకూ నా చదువు అక్కడ ఆగిపోయేది.

తర్వాత, క ఖ గ ఘ నాలుగింటికీ ఒక్కటే అక్షరం. ప ఫ బ భ అంతే. ఇది వినగానే తెలుగువాళ్లు "మరి ఎట్లా తెలుస్తుంది?" అంటారు. చోటును బట్టి తెలుస్తుంది. మాట మొదట్లో క, జంటగా వస్తే క్క, అనునాసికం తర్వాత గ, రెండు అచ్చుల మధ్య కాస్త మెత్తగా గ. తమిళ మాటలకు ఈ లెక్క చక్కగా సరిపోతుంది. సంస్కృతం మాటలకు, తెలుగు మాటలకు సరిపోదు.

ఆ ముక్క నాకు అవ్వ నోటుబుక్కుతో తెలిసింది. అవ్వ పాల లెక్క, చీటీ పాట డబ్బులు, భజన పాటలు అన్నీ ఒకే బుక్కులో రాసేది. తెలుగులోనే, తమిళ అక్షరాలతో! నేను కూడబలుక్కుని మొదటి పేజీ చదివాను: "పెల్లం రెండు కేజీలు." వంటింట్లో అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. బెల్లం అది. బ అక్షరం లేదు కాబట్టి అలా రాయక తప్పదు. అవ్వకు తెలుగు వచ్చు కాబట్టి బెల్లం అనే చదువుతుంది. గంప అని రాసుకుంటే తమిళం వచ్చినవాళ్లు కంబ అని చదువుతారు, అవ్వ గంప అనే చదువుతుంది. మాట ముందే తెలిసి ఉంటేనే అక్షరం పలుకుతుంది. తెలుగు తెలిసి, తమిళ అక్షరాలు అప్పుడే నేర్చిన నాకు అంతకు మించిన వాచకం ఇంకొకటి ఉండదు. అర్థం కోసం వెతుక్కోనక్కర్లేదు, అక్షరంతో కుస్తీ పడితే చాలు.

అందులో కొన్ని అక్షరాలు మాత్రం పిల్లోడి పుస్తకంలో ఎక్కడా లేవు. లై, నై లాంటివి ఏనుగు తొండంలా చుట్టుకుని ఉండేవి. వాడికి చూపిస్తే "ఇది తప్పు అక్కా" అని కొట్టిపారేశాడు. మామ వచ్చి తగువు తీర్చాడు. ద్రవిడ ఉద్యమ నాయకుడు పెరియార్ ఎప్పటి నుంచో తన పత్రికల్లో వాడుతున్న సంస్కరించిన లిపిని 1978లో తమిళనాడు ప్రభుత్వం తీసుకుంది, ఆ చుట్లన్నీ అప్పుడు పోయాయి. అవ్వ అంతకు ముందు చదువుకున్న మనిషి, పాత పద్ధతిలోనే రాస్తుంది. "నా రాత తప్పంట! వీని వయసుకు నేను పాటలన్నీ రాసేస్తా ఉంటి" అని అవ్వ వాడి నెత్తిన ఒకటి మొట్టింది.

నోటుబుక్కు అయిపోయాక దినతంతి అనే తమిళ పత్రిక. మామ టీ అంగడి నుంచి తెచ్చేవాడు, అవ్వ మధ్యాహ్నం వసారాలో కూర్చుని బయటికి చదివేది. చదువు తక్కువున్నవాళ్లకు కూడా తెలిసే తమిళంలో రాయడానికి ఆ పత్రిక పెట్టింది పేరు. 1942లో మదురైలో ఆదిత్తనార్ మొదలుపెట్టినప్పటి నుంచీ అదే తీరు. చిన్న చిన్న వాక్యాలు, పెద్ద పెద్ద హెడ్డింగులు. అవ్వ చదివిన వార్తనే నేను మళ్లీ చదవాలి. దొంగతనాలు, యాక్సిడెంట్లు, లేచిపోయిన జంటలు. భాష నేర్చుకునేవాళ్లకు నీతి కథలకన్నా ఇవే మేలు. తర్వాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రం వాక్యం చివరి దాకా లాక్కుపోతుంది.

కానీ పత్రిక తమిళం నోటికి పనికిరాదు. తమిళంలో రాసే భాష వేరు, మాట్లాడే భాష వేరు. మనకూ ఆ తేడా ఉంది గాని ఇంత లేదు. రాతలో "ఇరుక్కిఱదు" అని ఉంటే నోట "ఇరుక్కు". "వందుకొండిరుక్కిఱేన్" అని రాసుకున్నది "వందుట్టిరుక్కేన్" అయిపోతుంది. రాత భాషలో మాట్లాడితే రేడియో వార్తలు చదివినట్టు ఉంటుంది. నా బజారు తమిళం అక్కడ అక్కరకొచ్చింది. సగం వచ్చిన భాష వల్ల నాకు కలిగిన లాభం బహుశా అదొక్కటే. పుస్తకంలో చదివిన పొడుగాటి క్రియ చూడగానే అంగట్లో రోజూ విన్న పొట్టి క్రియ గుర్తొచ్చేది. రెండింటినీ జత చేసుకుంటూ పోయాను.

వ్యాకరణంలో నన్ను బాగా తిప్పలు పెట్టింది ఆడవాళ్ల క్రియ. తెలుగులో అక్క వచ్చింది, బస్సు వచ్చింది. రెండింటికీ ఒకటే. తమిళంలో అక్కకు వేరు, బస్సుకు వేరు. వందాన్ అంటే వాడు, వందాళ్ అంటే ఆమె, వందదు అంటే అది. తెలుగు నోరు అలవాటు మీద ఆడవాళ్లకు కూడా "అది" క్రియ వేసేస్తుంది, తమిళుల చెవికి అది మోటుగా తగులుతుంది. మా వీధి అంగళ్లలో దీనికో ఉపాయం ఉంది. పాప నుంచి పాటి (అవ్వ) దాకా అందరికీ "వందాంగ, పోనాంగ" అని గౌరవం తగిలించేస్తారు. తిరుపతి వ్యాపారస్తుల మర్యాద గురించి తమిళులు గొప్పగా చెప్పుకుంటారు గదా, అందులో సగం వ్యాకరణం తప్పించుకోవడానికి పడిన పాటే అని నా అనుమానం.

సెలవులయ్యాక చదువు తగ్గింది. ఇంటర్ అంటే తెలిసిందే, ఉదయం నుంచి రాత్రి దాకా క్లాసులు. తమిళం బతికి ఉండటానికి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ కారణం. మా చిన్నాన్న చెన్నైలో ఉండేవాడు, అప్పుడప్పుడు పోయేవాళ్లం. సరిహద్దు దాటితే స్టేషన్ బోర్డులు తమిళంలోకి మారతాయి. పైన తమిళం, కింద హిందీ, ఇంగ్లీషు. తిరువళ్లూరు దాటాక పుట్లూరు, సెవ్వాపేట, వేపంపట్టు, తిరునిన్రవూరు. మన బండి అక్కడ ఆగదు, బోర్డు కిటికీ ముందు నుంచి సర్రున పోతుంది. ఆ లోపు తమిళం చదివేయాలి, కన్ను ఇంగ్లీషు మీద పడకూడదు. దొంగచూపు చూశానా లేదా అనేది నాకే తెలుసు కాబట్టి ఈ ఆటలో గెలవడం మహా కష్టం.

అంగట్లో కూడా తేడా వచ్చింది. కొనేవాళ్లు తమలో తాము గుసగుసగా మాట్లాడుకునే మాటలు తెలియడం మొదలైంది. "ఈ పిల్లకు అర్థం కాదులే, రెండు వందలకు అడుగు" లాంటివి. నాన్నకు ఇది మహా సంబరం. అప్పటి దాకా "యాలమ్మా నీకు ఈ తమిళం పిచ్చి, అంగట్లో బాగానే మాట్లాడతావే" అన్న మనిషే, పక్క అంగడి ఆయనతో "మా పాపకు తమిళం చదివేది కూడా వస్తుంది" అని చెప్పుకోవడం విన్నాను.

మా ఊరికి తమిళం చుట్టపుచూపుగా వచ్చిన భాష కాదని తర్వాత తెలిసింది. తిరుమల గుడి గోడల మీది శాసనాల్లో ఎక్కువ భాగం తమిళానివే. సామవై అనే పల్లవ రాణి వెండి విగ్రహం చేయించి ఇచ్చిన శాసనం కూడా అంతే. ధనుర్మాసంలో కొండ మీద సుప్రభాతం బదులు వినిపించేది ఆండాళ్ పాశురాలు. వాటిని తెలుగు లిపిలో చదివేవాళ్లు మా వీధిలో ఇంటికొకరు ఉంటారు. నేను తమిళ అక్షరాల్లో చదవబోయి బోర్లా పడ్డాను. అక్షరం తెలుసు, మాట తెలియదు. దినతంతి తమిళానికీ దానికీ మధ్య వెయ్యేళ్ల పైన దూరం ఉంది. అవ్వను అడిగితే "నాకు మాత్రం తెలుసా, స్వామికి తెలుసులే" అంది. ఇప్పటికీ టీకా పక్కన పెట్టుకుని మెల్లగా చదువుతున్నాను. రెండు ర-లు, మూడు న-లు రాసేటప్పుడు ఇంకా తడబడతాను. ళ లాగా పలకకూడని ఆ ఇంకో అక్షరం (ழ) నా నోట ఇప్పటికీ ళ-నే. నాకు కాస్త ఓదార్పు ఏమిటంటే, చాలామంది తమిళులదీ అదే పరిస్థితి.

ఆరేళ్ల మా గురువుగారికి ఇప్పుడు పెళ్లి కుదిరింది. పిల్లది పుత్తూరు. వాళ్లు శుభలేఖ తెలుగులో వేయించి పంపించారు, వీడికి అందులో ఒక్క ముక్క చదవడం రాదు. తెలుగు గడగడా మాట్లాడతాడు, వాట్సాప్‌లో తెలుగును తమిళ అక్షరాలతో కొడతాడు, అచ్చం అవ్వ లాగే. అత్తగారింట్లో పరువు పోకుండా పెళ్లి లోపల తెలుగు చదవడం నేర్పించమని నా వెంట పడ్డాడు. అ ఆ దగ్గర మొదలుపెడదాం రా అంటే, అదంతా అక్కర్లేదక్కా, శుభలేఖ చదివేంత వస్తే చాలు అంటాడు. సరే అని శుభలేఖతోనే మొదలుపెట్టాం. మొదటి లైన్లోనే "జ్యేష్ఠ పుత్రుడు" అని ఉంది. జ కింద ఒకటి, ష కింద ఇంకొకటి, త కింద మరొకటి. అరగంట చూసి, ఫోను పక్కన పడేసి, "ఈ కింద వేలాడేవన్నీ ఎవరు పెట్టిండేదక్కా?" అన్నాడు. ఒకటో తరగతి తెలుగు వాచకం కొని తెచ్చి పెట్టాను. ఆదివారం వస్తానన్నాడు.